శ్రీరంగపట్నం కోటకి ఓ ఎండాకాలపు ఉత్తరం

కోటమ్మా,

మొన్న మే నెల్లో బెంగళూరు నుంచి మైసూరు పోతూ నీ దగ్గర ఆగాం. ఎండకి మాడు పగిలిపోతోంది, మా చిన్నోడేమో కావేరి వైపు చూసి "నాన్నా, నది ఏది?" అన్నాడు. బండరాళ్ళు, వాటి మధ్య అక్కడక్కడా నీళ్ళు, అంతే.

ఈ నదిని నమ్ముకునేనా తల్లీ అంత ధీమాగా కూర్చున్నావ్? చుట్టూ కావేరి, ఆపైన రాతిగోడలు, కందకాలు, బురుజులు, ఇన్ని కట్టించుకుని కూడా ఎండాకాలంలో నది సెలవు పెడుతుందని నీకెవరూ చెప్పలేదా? అవతలోళ్ళకి, అదే ఈస్టిండియా కంపెనీ సైన్యానికి మాత్రం బాగా తెలుసు. వానలు పడేలోపే పని కానిచ్చేయాలని 1799 మే 4న, మిట్టమధ్యాహ్నం నీ వాళ్ళు నీడన చేరిన టైమ్ చూసుకుని, నది దాటొచ్చి, వాయవ్యం మూల ఫిరంగులతో కొట్టిన గండిలోంచి ఎక్కేశారు. ముందు నడిచిన బ్రిటిష్ సేనాని బెయిర్డ్ ఎవరనుకున్నావ్, అంతకుముందు మూడేళ్ళ పైన నీ జైల్లో నీ తిండి తిన్నవాడే, దారి గుర్తుపెట్టుకుని మరీ వచ్చాడు. రాత్రి దివిటీలు పట్టుకుని శవాల గుట్టలో వెతికితే గానీ నీ సుల్తాన్ టిప్పు దొరకలేదు.

బ్రిటిష్ ఖైదీల్ని ఉంచిన ఆ బెయిలీ చెరసాల చూశాం, కింద కమానులు చల్లగా, సున్నం వేసుకుని భలే ఉన్నాయి. గోడల్లోంచి చిల్లులున్న రాతిపలకలు పొడుచుకొచ్చి ఉంటే మా ఆవిడ బట్టలారేసుకోడానికా అంది, చేతులు గొలుసులేసి కట్టడానికట అన్నాక సెల్ఫీ మానేసి బయటికొచ్చేసింది.

నిన్ను మరీ ఎక్కువ అనలేం లే, ఆ రోజు కంపెనీవాళ్ళ పక్కన మా హైదరాబాద్ నిజాం సైన్యం కూడా ఉంది. పైగా మా గోల్కొండ 1687లో ఎలా పోయిందనుకున్నావ్, నెలల తరబడి ముట్టడి తట్టుకుని, ఆఖర్న లోపలోడు లంచం తిని తలుపు తీస్తే పోయింది. నీది నీళ్ళ కథ, మాది తలుపు కథ.

ఇంకో మాట, నీ కడుపులోంచే రైలు పోతోంది కదా, 2017లో రెండో లైన్ అడ్డమని టిప్పు మందుగుండు కొట్టుని పునాదితో సహా జాకీల మీద ఎత్తి వంద మీటర్ల పైన పక్కకి జరిపారు, ఫిరంగులు కదపలేనిదాన్ని రైలు కదిపింది.

ఈసారి కావేరి మీది కేఆర్ఎస్ డ్యామ్ గేట్లు ఎత్తాక వస్తాం, చిన్నోడికి నదిని చూపిస్తానని మాటిచ్చా.

ఇట్లు,
చెరుకురసం రెండు గ్లాసులు తాగినా దాహం తీరని ఓ తెలుగోడు