కొత్తది తెచ్చారు సరే, పాతది ఆపారా?

బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీ. ఏడాది కిందట లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ పెట్టించారు. "మావాళ్లంతా ఆన్‌లైన్‌కి వచ్చేశారండీ" అంటూ ఓనరు గారు ఫోన్‌లో లాగిన్ల గ్రాఫు చూపించారు. కిందికి దిగి స్టోర్స్‌లోకి వెళ్తే ఇన్‌చార్జి ముందు లాంగ్ బుక్కు! సరుకు రాగానే అందులో రాసుకుంటాడు. సాయంత్రం అది చూసి కంప్యూటర్‌లో కొడతాడు. నెలాఖరున అకౌంట్స్ సార్ సంతకం పెట్టేది ఆ బుక్కు మీదే మరి. గ్రాఫులో అబద్ధమేం లేదు. పని మాత్రం రెట్టింపైంది.

ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చాం, ఎంతమంది లాగిన్ అయ్యారు అని మన యాజమాన్యాలు లెక్కలు వేసుకుంటాయి. ఏ రిజిస్టరు మూతపడింది, ఎవరి సంతకం అక్కర్లేకుండా పోయింది అని మాత్రం అడగవు. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1947లోనే చెప్పిన మార్పు దశల్లో మొదటిది పాతదాన్ని కదిలించడం, రెండోది కొత్తదానికి మారడం. మనవాళ్లు నేరుగా రెండో దశకు రిబ్బన్ కట్ చేస్తారు.

హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌ను మార్చిన కథ మనకు కంఠతా వచ్చు. ఆయన సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో. టీమంతా బాగా చేసినా కొందరిని అడుగున పెట్టే ర్యాంకుల పద్ధతిని కంపెనీ ఎత్తేసింది మాత్రం 2013 నవంబరులో, అంతకుముందు సీఈఓ స్టీవ్ బామర్ హయాంలోనే. ఆ ర్యాంకులు అలాగే ఉండి ఉంటే, పక్కవాడికి సాయం చెయ్యమని నాదెళ్ల ఎంత చెప్పినా ఎవరు వింటారు? సాయం చేస్తే తన ర్యాంకే పోతుంది. ఈ ముక్క సెమినార్లలో ఎవరూ చెప్పరు.

పాతదీ కొత్తదీ కొన్నాళ్లు పక్కపక్కనే నడవాలి, లేకపోతే జీతాలూ స్టాకూ తారుమారవుతాయి అంటారు. నిజమే, నడవనివ్వండి. కానీ పాతది ఆపే తేదీ మొదటిరోజే చెప్పాలి. లేకపోతే ఆ 'కొన్నాళ్లు' ఇన్‌చార్జి రిటైరయ్యేదాకా సాగుతుంది.

ఈ విషయంలో ప్రభుత్వం మనందరికీ గురువు. మీసేవ 2011లో వచ్చింది, డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్ చేతికిస్తుంది. అది పట్టుకుని ఆఫీసుకు వెళ్తే "జిరాక్సులు ఏవీ?" అంటారు. మళ్లీ రోడ్డు దాటి ఎదురుగా ఉన్న షాపులో క్యూ.

బాలానగర్ ఓనరు గారికి లాంగ్ బుక్కు సంగతి చెప్పాను. ఆయన నవ్వేసి, "తెలుసండీ. అది ఉంటే నాకూ కాస్త ధైర్యం" అన్నారు.