వలయం లేదు కాబట్టి లైమ్ కాదంటారా?

న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఒకే సందేశం మళ్లీ మళ్లీ తిరుగుతోంది. పిడుదు కుట్టిన మర్నాడే రక్తపరీక్ష చేయించుకుని, నెగటివ్ వస్తే నిశ్చింతగా ఉండవచ్చట. చర్మంపై ఎర్రని వలయాలు లేకపోతే అది లైమ్ వ్యాధి (పిడుదు కాటుతో సోకే బ్యాక్టీరియా జబ్బు) కానే కాదట. కుట్టిన వెంటనే ఒక్కసారి మందు వేసుకుంటే అది రాకుండా ఆగుతుందట. అంటుకున్న పిడుదు వాజలిన్ రాస్తే ఊడిపోతుందట, వెల్లుల్లి తింటే దగ్గరికే రాదట. చదువుకున్నవాళ్లే ఒక్క క్షణం ఆలోచించకుండా దీన్ని పంపుతుంటే ఊరుకోవడం కష్టంగా ఉంది.

వెల్లుల్లిని నమ్ముకోవడానికి ఆధారమేమీ లేదు. వాజలిన్ రాసి ఎదురుచూస్తే పిడుదు మరింతసేపు అంటుకుని ఉంటుంది, అంతే. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగేయాలి.

అన్నిటికన్నా హాని చేసేది వలయం మాట. లైమ్ సోకినవారిలో మచ్చ వచ్చేది 70 నుంచి 80 శాతం మందికే. వచ్చినా, అమెరికాలో ఎక్కువమందికి అది మధ్యలో తేటపడకుండా అంతటా ఒకే రంగులో ఉంటుంది. సందేశంతోపాటు తిరిగే ఫొటోలన్నీ తెల్లని చర్మానివి. మన చామనచాయ ఒంటిపై అదే మచ్చ కమిలిన గాయంలాగానో, ముదురు ఊదా రంగులోనో కనిపించవచ్చు. చూడవలసింది వలయాన్ని కాదు, విస్తరణను: కుట్టిన 3 నుంచి 30 రోజుల మధ్య మొదలై, రోజురోజుకూ పెరుగుతూ 5 సెంటీమీటర్లు దాటే మచ్చను. గసగస గింజంత పిల్ల పిడుదు కుట్టిన సంగతే చాలామందికి తెలియదు కాబట్టి మోకాలి వెనుక, గజ్జల్లో, చంకల్లో వెతకాలి.

ఇక మర్నాటి పరీక్ష దేనిని పట్టుకుంటుంది? అది వెతికేది సూక్ష్మజీవిని కాదు, దానిపై శరీరం తయారుచేసే యాంటీబాడీలను. అవి పరీక్షకు అందేంతగా పెరగడానికి వారాలు పడుతుంది. అందుకే, లైమ్ ఉన్న ప్రాంతంలో మచ్చ స్పష్టంగా ఉంటే డాక్టర్లు పరీక్ష కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. నెగటివ్ కాగితాన్ని నమ్మి ఇంట్లో కూర్చున్నవారికి వారాలకో నెలలకో మోకాలు వాచినా, ముఖం ఒకవైపు జారినా ఈ సందేశం పంపినవారు బాధ్యత వహిస్తారా?

అయితే ఆ సందేశంలో ఒక మాట నిజం. కుట్టిన వెంటనే ఒక్కసారి మందు వేసుకుంటే లైమ్ రాకుండా ఆపవచ్చన్నది పుకారు కాదు. లైమ్‌ను మోసే నల్లకాళ్ల పిడుదు 36 గంటలు లేదా అంతకుమించి అంటుకుని ఉండి, తీసేసి 72 గంటలు దాటకపోతే, పెద్దలకు డాక్టర్లు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒకే మోతాదుగా ఇస్తారు.

సందేశంలో అసలు లేని సంగతి ఇంకొకటి ఉంది. అదే పిడుదు బబీసియా, అనాప్లాస్మా అనే మరో రెండు రోగకారక సూక్ష్మజీవులను కూడా మోస్తుంది. లైమ్ పరీక్ష వాటిని చూపదు. వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చి, హైదరాబాదుకో విజయవాడకో తిరిగి వెళ్లాక జ్వరం పడిన అమ్మానాన్నలకు అక్కడి డాక్టరు సహజంగానే డెంగీ, మలేరియా పరీక్షలు రాస్తారు. రక్తపు స్లైడుపై ఎర్ర రక్తకణాల్లో ఉంగరాల్లా కనిపించే బబీసియా రూపాలు మలేరియావాటిలాగే ఉంటాయి, మందులు మాత్రం వేరు. అమెరికాలో గడ్డిలో, చెట్ల మధ్య తిరిగామని వాళ్లు మొదటిరోజే డాక్టరుకు చెప్పాలి.