పొరుగు రాష్ట్రపు భయం, ఫెడరల్ అభయం

తన పౌరులు ఒకరినొకరు నమ్మరన్న సంగతిని 1789లోనే చట్టంగా రాసిపెట్టుకున్న అమెరికా నిజాయితీని మెచ్చుకోక తప్పదు. టెన్నెసీ మనిషి కెంటకీ రాష్ట్ర కోర్టు మెట్లెక్కితే అక్కడివారు తమవాడి పక్షమే వహిస్తారన్న అనుమానంతో, వాది ప్రతివాదులు వేర్వేరు రాష్ట్రాల పౌరులైతే తగువును ఫెడరల్ కోర్టుకు, అంటే కేంద్ర ప్రభుత్వపు కోర్టుకు, తీసుకుపోయే వెసులుబాటు కల్పించారు. ఆ ఫెడరల్ కోర్టు ఉండేదీ కెంటకీలోనే, జ్యూరీలో కూర్చునేదీ కెంటకీవారే, జడ్జి కూడా చాలావరకు అక్కడివాడే. అయినా ఆ గడప తొక్కగానే వారి ప్రాంతాభిమానం హరించుకుపోతుందని చట్టం గాఢంగా విశ్వసిస్తుంది.

పైగా ఈ పక్షపాతానికి ధర కూడా ఉంది. మొదట్లో దావా మొత్తం 500 డాలర్లు దాటితే పుట్టే భయం, ఇప్పుడు 75,000 దాటితేగాని పుట్టడం లేదు. సరిగ్గా 75,000కే దావా వేసినవాడిని పరాయి రాష్ట్రపు జ్యూరీ కన్నబిడ్డలా చూసుకుంటుందని మనం గ్రహించాలి.

ఈ చట్టం పరమార్థాన్ని ఆకళించుకున్నది మాత్రం కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ పట్టణపు ట్యాక్సీ కంపెనీ. రైల్వే స్టేషన్లో దిగే ప్రయాణికులు తనకే దక్కేలా రైల్వేతో ఒప్పందం చేసుకోదలచిన బ్రౌన్ అండ్ యెల్లో సంస్థకు, అటువంటి గుత్తాధిపత్యం చెల్లదన్న కెంటకీ కోర్టుల వైఖరి అడ్డొచ్చింది. వెంటనే అది కెంటకీలో తనను తాను రద్దు చేసుకుని, అదే పేరుతో, అదే వ్యాపారంతో టెన్నెసీలో పునర్జన్మ ఎత్తి, నిన్నటిదాకా సాటి కెంటకీ సంస్థగా ఉన్న బ్లాక్ అండ్ వైట్ ట్యాక్సీ మీద, దిక్కులేని పరదేశిలా ఫెడరల్ కోర్టును ఆశ్రయించింది. న్యాయమూర్తి హోమ్స్ విభేదించినా, 1928లో సుప్రీంకోర్టు కెంటకీ కోర్టుల మాట పక్కనపెట్టి దాన్నే గెలిపించింది. ఇటువంటి కేసుల్లో ఫెడరల్ జడ్జీలు సొంత సూత్రాలు వల్లించరాదని, రాష్ట్ర న్యాయస్థానాలు చెప్పిన చట్టాన్నే పాటించాలని అదే సుప్రీంకోర్టుకు స్ఫురించడానికి, ఈరీ అనే రైల్వే కంపెనీ కేసు వచ్చే 1938 దాకా పట్టింది.

ఇక మనవారి సంగతి. డాలస్‌లో హెచ్-1బీ వీసా మీద ఉన్న ఇద్దరు తెలుగువారు వ్యాపారంలో వాటాల దగ్గర చెడితే, ఇద్దరూ విదేశీయులే కనుక ఈ తలుపు వారికి తెరుచుకోదు. అమెరికా పౌరసత్వం సంపాదించి, శేషజీవితానికి హైదరాబాద్ చేరి స్థిరపడిన పెద్దాయన పరిస్థితి మరింత విశేషం. అక్కడి ఏ రాష్ట్రంలోనూ స్థిరనివాసం లేదు కనుక రాష్ట్ర పౌరుడు కాడు. చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంది కనుక విదేశీయుడూ కాడు. టెక్సాస్‌లో తన ఇంట్లో అద్దెకున్నవాడి మీద ఆయన లక్ష డాలర్లకు దావా వేయదలచినా, పక్షపాతానికి గురయ్యే పాటి అర్హత కూడా లేనందున, ఆ రాష్ట్ర కోర్టులోనే నిర్భయంగా న్యాయం పొందవలసి ఉంటుంది.