సవరణ: క్రీస్తు జనన దృశ్యాలపై నేను రాసిన తప్పు

అమెరికాలో ప్రభుత్వాలు క్రీస్తు జనన దృశ్యాలను (బాలయేసు పుట్టుకను బొమ్మలతో చూపే అలంకరణలను) ప్రదర్శించకూడదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసిందని నిన్న రాశాను. అది తప్పు. రెండు తీర్పులను కలిపి ఒకటిగా చదివేశాను.

1984లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్ నగరం పెట్టిన దృశ్యాన్ని కోర్టు 5-4 తేడాతో అనుమతించింది. బాలయేసు బొమ్మతో పాటు శాంటా ఇల్లు, జింకలు, క్రిస్మస్ చెట్టు కూడా ఉన్నాయి కాబట్టి, అదంతా పండుగ అలంకరణే అన్నది వాదన. నేను తలచుకున్నది 1989 నాటి పిట్స్‌బర్గ్ కేసు. అక్కడ కౌంటీ న్యాయస్థాన భవనంలో, ప్రధానమైన మెట్ల దగ్గర, దృశ్యాన్ని విడిగా పెట్టారు, దానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అదే తీర్పులో మరో ప్రభుత్వ భవనం బయట 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన నిలిపిన 18 అడుగుల మెనోరాకు (యూదుల పండుగ దీపస్తంభానికి) మాత్రం అభ్యంతరం చెప్పలేదు. పక్కన ఏ బొమ్మ ఉందో లెక్కపెట్టే ఈ పద్ధతి నాకు ఇప్పటికీ వింతగానే ఉంది, కానీ నిషేధం మాత్రం కాదు.

ఇంకొకటి: క్రిస్మస్ సమాఖ్య సెలవు దినమైంది 1870లో; నేను రాసినట్టు రాజ్యాంగంతో పాటు కాదు.

శుభాకాంక్షల గురించి అన్న మాట మార్చడం లేదు. దుకాణంలో ఒకరు ‘మెర్రీ క్రిస్మస్’ అంటే అది ఆ మనిషి పలకరింపు, ప్రభుత్వ ప్రకటన కాదు.