మీ డెమోలో చాయ్ బాగుంది, గ్రిడ్ గారూ

మహారాజశ్రీ డేటా గ్రిడ్ గారికి,

మా సాఫ్ట్‌వేర్‌లో డేటాను వరసలు, కాలమ్‌ల పట్టికగా చూపించడానికి రెడీమేడ్‌గా కొనుక్కున్న ముక్క మీరు. మాదాపూర్ నుంచి మీ లైసెన్సుదారుడు రాసుకున్నది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మీ కుశలం ఏటా రెన్యువల్ మెయిల్‌లో తెలుస్తూనే ఉంది, నా కుశలం మీరెప్పుడూ అడగలేదు. కాబట్టి అసలు సంగతికి వస్తాను.

మీ పెళ్లిచూపులు మా మీటింగ్ రూములోనే జరిగాయి. ప్రొజెక్టర్ మీద మెరిసిపోతూ వచ్చారు. కాలమ్ పట్టుకుని లాగితే జరిగింది, హెడర్ నొక్కితే వరసలు బుద్ధిగా సర్దుకున్నాయి. మొదటి వరసలో ‘చాయ్’, ధర 18. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఏనాడో చేసిపెట్టిన నార్త్‌విండ్ అనే నమూనా డేటాబేస్‌లో మొదటి సరుకు అదే. మీ వంశంలో చాలామంది డెమోలకు అదే ఆధారం. “ఇరానీ హోటల్ కంటే చవకే” అని మా మేనేజరు గారు ముచ్చటపడ్డారు. అవి రూపాయలు కావని, అది కప్పు ధర కాదు, డబ్బాల లెక్కని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

నార్సింగి వైపు మోడల్ ఫ్లాట్లలో గది పెద్దగా కనబడాలని మంచాన్ని కొలత తగ్గించి చేయిస్తారట. విన్నప్పుడు నవ్వాను. మీ డెమోలోనూ అదే కిటుకు: సరుకులు మొత్తం 77, పొట్టి పొట్టి పేర్లు, ఎక్కడా చిందరవందర లేదు. మేం రాసేదేమో చిట్‌ఫండ్ కంపెనీల సాఫ్ట్‌వేర్. మా చందాదారుల పేర్లలో ఇంటిపేరు, తండ్రి పేరు, బ్రాకెట్లో ‘కిరాణా కొట్టు’ కూడా ఉంటాయి.

ఎంపిక మాత్రం చాలా శాస్త్రీయంగా చేశాం సుమండీ. ఎక్సెల్‌లో ఐదు కంపెనీలు, నలభై వరసలు, ఉన్నదానికల్లా ఒక టిక్కు. రెండు వారాలు పట్టింది. ఎక్కువ టిక్కులు మీకే. వంద పైచిలుకు కంట్రోల్స్, అంటే మీలాంటి రెడీమేడ్ ముక్కలు, ఇస్తామన్నారు. పనుల కాలపట్టిక గీసే గాంట్ చార్ట్ ఉంది, లెక్కలు తిప్పి చూపే పివట్ ఉంది, గడియారపు ముల్లులాంటి గేజ్ ఉంది. మేం ఇప్పటికీ వాడుతున్నవి మూడు: మీరు, తేదీ పెట్టె, పీడీఎఫ్. ఆవకాయ కోసం ఫుల్ మీల్స్ టోకెన్ కొన్నాం. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, “సార్, మన డేటా ఒకసారి ఇందులో పోసి చూద్దామా?” అంది. “తర్వాత చూద్దాంలే అమ్మా” అన్నాం. ఆ ‘అన్నాం’లో నేనూ ఉన్నాను.

ఆ తర్వాత చూశాం.

వరంగల్ క్లయింటుకు రసీదు ప్రింటు తీస్తే ‘శ్రీలక్ష్మి’ కాస్తా ‘శ్‌రీలక్‌ష్‌మి’ అయి బయటికొచ్చింది. తెర మీద మాత్రం చక్కగా ఉంది. కారణం తెలుసుకునేసరికి మూడు రాత్రులు పోయాయి. తెర మీద ఒత్తులు కలిపి రాసేది మీరు కాదు, బ్రౌజరు. పీడీఎఫ్‌లో ఆ వసతి లేదు. ఏ అక్షర రూపం ఎక్కడ కూర్చోవాలో మీరే తేల్చి అందులో పెట్టాలి. మీకేమో క పక్కన ష, ష పక్కన మ తప్ప ఇంకేం తెలియదు. మీ పట్టికలో ‘యూనికోడ్ సపోర్ట్’ (అన్ని భాషల అక్షరాలకూ చోటు) అన్న గడిలో టిక్కు ఉంది. అబద్ధమని అననులెండి. అక్షరాలన్నీ ఉన్నాయి. ఒకదానికొకటి పడటం లేదు, అంతే.

అంకెల దగ్గరా అదే తంతు. 12,34,567 అని ఉండాల్సింది 1,234,567 అయింది. క్లయింటు ఫోన్ చేసి, “ఇది పన్నెండు లక్షలా, నూట ఇరవై లక్షలా?” అని అడిగాడు. ఐదో నెల నాలుగో తేదీన జరగాల్సిన చీటీ పాట, మీ ఫిల్టర్‌లో ఏప్రిల్ ఐదుకు వెళ్లి కూర్చుంది. చిట్‌ఫండ్ చట్టం చీటీ నడిపే ఫోర్‌మన్‌కే 7 శాతానికి మించి కమీషన్ ఇవ్వనివ్వదు. మీరు ఏటా రెన్యువల్‌కు అడిగేది కొన్న ధరలో సగం.

మీ సపోర్టు వాళ్లకు రాశాను. పాపం మర్యాదస్తులు. “మా దగ్గర ఆ సమస్య కనబడలేదు, చిన్న నమూనా ప్రాజెక్టు చేసి పంపండి” అన్నారు. శనివారమంతా కూర్చుని చేశాను. అందులో అన్నీ బాగానే పనిచేశాయి. ఇప్పుడు తప్పు ఎవరిది అంటే నాదే.

లైసెన్సుల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, తలచుకుంటే బీపీ. తలకొక సీటు, అంటే ఒక్కో లైసెన్సు. మా ప్రోగ్రాములను కూర్చిపెట్టే యంత్రం, బిల్డ్ సర్వర్‌కు తల ఉన్నట్టా లేనట్టా అని మూడు మెయిళ్లు నడిచాయి. విదేశీ బిల్లు కాబట్టి 18 శాతం జీఎస్టీ రివర్స్ చార్జి కింద మేమే కట్టుకోవాలి. టీడీఎస్ కోయాలా అని మా అకౌంటెంట్ గారు ఓ వారం ఆపారు. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కు విదేశాలకు కట్టేది రాయల్టీ కాదని, కాబట్టి కోత అక్కర్లేదని సుప్రీంకోర్టు 2021లోనే తేల్చిందని ఆడిటర్ చెబితే గానీ డబ్బు కదల్లేదు. ఈలోగా మీ ట్రయల్ గడువు ముగిసి, సరిగ్గా క్లయింటు ముందు తెర మీద అడ్డంగా ఎర్ర పట్టీ వెలిసింది. పెళ్లి పందిట్లో అప్పులవాడు నిలబడ్డట్టు.

అయినా మిమ్మల్ని పూర్తిగా తిట్టలేను. మాలో ఒక వీరుడు, “గ్రిడ్ ఏముందండీ, శని ఆదివారాల్లో రాసి పడేస్తా” అన్నాడు. మూడు నెలలైంది. వంద వరసలకు బాగానే ఉండేది. లక్ష వరసలు పోస్తే బ్రౌజరు నోరు తెరిచి పడిపోయింది. అప్పుడు గానీ మీ విద్య అర్థం కాలేదు. మీరు లక్ష వరసలు గీయరు. తెరలో పట్టే ముప్పయ్యే గీసి, పైకి వెళ్లిపోయిన వరసనే తుడిచి మళ్లీ కిందకు తెస్తారు. ముప్పై కుర్చీలతో లక్ష మందికి బంతి భోజనాలు! అది చేసేవాడికి తెలుస్తుంది. మా కిరాణా కొట్టు పేరు రెండు లైన్లకు పాకితే మీ స్క్రోల్‌బార్ తుళ్లిపడుతుంది నిజమే, కానీ మా వీరుడి గ్రిడ్‌లో స్క్రోల్‌బారే లేదు.

కొనడం తప్పనిపించదు నాకు. 1968లోనే జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన సాఫ్ట్‌వేర్ సదస్సులో ప్రోగ్రామర్ డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ ఈ మాటే అన్నాడు: సాఫ్ట్‌వేర్ ముక్కలను కూడా క్యాటలాగ్ చూసి ఎంచుకునేలా తయారుచేయాలని. మా మేనేజరు గారు అమీర్‌పేటలో విజువల్ బేసిక్ నేర్చుకున్న కాలానికి ఆ క్యాటలాగులు వచ్చేశాయి. ఆయన నోటనే విన్నాను: వీబీఎక్స్ అని 16 బిట్ల ముక్కలు కొన్నవాళ్లు, 32 బిట్ల విండోస్ రాగానే ఓసీఎక్స్ పేరుతో మళ్లీ కొన్నారట. తర్వాత సిల్వర్‌లైట్ అనే మైక్రోసాఫ్ట్ వేదిక మీద మేడలు కట్టుకున్నారు. 2021 అక్టోబరులో దానికి సపోర్టు ఆగింది. ఇల్లు మీది, స్థలం ఇంకొకరిది. మీరు ఏ స్థలంలో ఉన్నారో, మీ సోర్స్ కోడ్ మా చేతికిస్తారో లేదో మేం అడగలేదు. గేజ్ ఉందా అని అడిగాం.

ఈసారి ఆ అమ్మాయే ఎంపిక చూస్తోంది. టిక్కుల పట్టిక లేదు. ‘గండం’ అని ఒక ఫైలు తయారుచేసింది. మొదటి వరసలో శ్రీలక్ష్మి, రెండో వరసలో 12,34,567, తర్వాత ఐదో నెల నాలుగో తేదీ, మూడు లైన్ల పేరు, ఖాళీ ఫోన్ నంబరు, కింద రెండు లక్షల పాత రసీదులు. నిన్న మీ పోటీదారుల్లో ఒకరు ఆన్‌లైన్‌లో వచ్చి చాయ్ చూపించబోతుంటే, “అది తాగేశాం సార్, ఇది ఓపెన్ చేయండి” అంది. చేశారు. పీడీఎఫ్ నొక్కారు. అటువైపు చాలాసేపు మ్యూట్.

ఇట్లు,
ఆరు సీట్లలో ఒక సీటు,
మాదాపూర్, హైదరాబాద్.

తా.క.: ఈ ఏడాది రెన్యువల్ కట్టేశాం, మురిసిపోకండి. మా 63 స్క్రీన్లలో కాపురం పెట్టారు మీరు. కిరాయిదారుకు ఇంటివాళ్లు ఇచ్చే నోటీసు మేం మీకు ఇస్తున్నాం, అయినా అద్దె మేమే కడుతున్నాం.