కోనాడలో ఎవరున్నారు?

వైజాగ్‌లో సైకిల్ తొక్కేవాళ్ళకి ఒక జబ్బు ఉంది, దాని పేరు ప్రశాంతమైన రోడ్డు. సముద్రం పక్కనే ఉండాలి, తాటిచెట్లుండాలి, లారీ కనపడకూడదు, హారన్ వినపడకూడదు, గతుకులుండకూడదు, మధ్యలో టీ మాత్రం దొరకాలి. పెళ్ళి సంబంధం చూసినట్టే చూస్తారు. నేనూ ఆరేళ్ళు చూశాను. చివరికి దొరికింది, వెళ్ళాను, తొక్కాను, ప్రాణాలతో తిరిగొచ్చాను కాబట్టి పూర్తి బాధ్యతతో చెప్తున్నా, ప్రశాంతమైన రోడ్డు మనిషికి పనికిరాదు. ప్రభుత్వం వెంటనే కలగజేసుకోవాలి.

మన ఊరికి ఈ విషయం ఎప్పుడో తెలుసు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది కదా, సముద్రం అడుగున చప్పుడు చెయ్యకుండా తిరగడానికి కట్టిన బండి అది. 2001లో నేవీ నుంచి రిటైర్ అయితే, 2002లో తీసుకొచ్చి ఊరు మొత్తం మీద ఎక్కడ గోల ఎక్కువుంటుందో సరిగ్గా అక్కడ పెట్టారు, ముందు మురీ మిక్చర్ బండి, పక్కన బుడగలమ్మేవాడు, వెనకాల కెరటాలు. ప్రశాంతత మీద వైజాగ్ అభిప్రాయం అదీ. తెల్లారగట్ల ఆ రోడ్డు మీదకి బళ్ళు రాకుండా ఆపుతారు, సైకిల్ వాళ్ళకి స్వర్గమే అని నేనూ అనుకున్నా, కానీ బళ్ళు వదిలేసిన జాగా అంతా వాకింగ్ వాళ్ళు తీసేసుకుంటారు, ఐదుగురు పక్కపక్కనే నడుస్తూ అల్లుడి ఉద్యోగం గురించి మాట్లాడుకుంటుంటే తప్పుకోండి అనే ధైర్యం నాకు లేదు.

సరే అని భీమిలి రోడ్డు పట్టుకున్నా. ఊళ్ళో ఎవర్నడిగినా చెప్పే రోడ్డు ఇదే. జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేట, అన్నీ దాటుకుంటూ ముప్పై కిలోమీటర్లలోపే భీమిలి. బాగుంటుంది, కాదనను. కుడిపక్క సముద్రం, ఎడంపక్క కొండలు, వెనకాల 900కె బస్సు. ఆ బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడంటే పన్నెండేళ్ళ కిందట చచ్చిపోయిన మా తాత గుర్తొస్తాడు, ఆయన కూడా పిలిస్తే అలాగే పిలిచేవాడు.

దారిలో తొట్లకొండ. ఈ జబ్బు కొత్తదేం కాదు అనడానికి సాక్ష్యం అదే. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు కింద గోల పడలేక సముద్రానికి 128 మీటర్ల ఎత్తుకి ఎక్కి, రాతిలో తొట్లు తొలుచుకుని వాన నీళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఎంత ప్రశాంతంగా కూర్చున్నారంటే 1976లో నేవీ వాళ్ళు స్థలం కోసం విమానంలోంచి సర్వే చేసేదాకా అక్కడొక ఆరామం ఉందన్న సంగతే జనం మర్చిపోయారు. ఎక్కువ ప్రశాంతంగా ఉంటే ఇదే గతి. ఇంకొంచెం ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు, వేల ఏళ్ళు గాలీ నీరూ కలిసి పోగేసిన ఇసుక, ఇలాంటిది తమిళనాడులో, శ్రీలంకలో తప్ప మన చుట్టుపక్కల లేదంటారు, 2014లో జియో హెరిటేజ్ సైట్ కూడా చేశారు, నేను వెళ్ళిన రోజు అంత చరిత్రా కలిసి ఒక ప్రీ వెడ్డింగ్ షూట్‌కి బ్యాక్‌గ్రౌండ్‌గా నిలబడుంది, పెళ్ళికూతురు గౌను తోక పట్టుకోడానికి ఇద్దరు కుర్రాళ్ళు.

నా అసలు కేసు భీమిలి దాటాక మొదలైంది.

మార్చి మొదట్లో ఒక ఆదివారం. గోస్తని బ్రిడ్జి దాటి అవతలికెళ్ళా, అన్నవరం (సత్యనారాయణస్వామి అన్నవరం కాదు, ఇది వేరే), ముక్కాం, అలా చంపావతి సముద్రంలో కలిసే కోనాడ దాకా వెళ్దామని. సరుగుడు తోటలు, జీడిమామిడి పూత వాసన, తాటిచెట్ల వరసలు, రోడ్డు మీద నేనూ నా నీడా. మొదటి ఐదు నిమిషాలు హాయిగానే ఉంది. తర్వాత చైన్ చప్పుడు వినపడ్డం మొదలెట్టింది, తర్వాత మోకాలి చప్పుడు, ఆ తర్వాత మొన్న మా ఆవిడ అన్నమాట కూడా వినపడింది. సిటీలో ఆరేళ్ళు తొక్కినా ఇవేవీ వినలేదు నేను, హారన్లకి ఎంత రుణపడున్నానో అప్పుడర్థమైంది.

అది కూడా ఓర్చుకోవచ్చు. కానీ ఖాళీ రోడ్డు అంటే ఖాళీ కాదు, ఆ సంగతి ఎవడూ చెప్పడు. ప్రతి కల్వర్టు మీదా ఒక పెద్దాయన ఉంటాడు. పొద్దున్నించీ ఆ రోడ్డు మీద ఏమీ రాలేదు. ఇప్పుడు నేనొచ్చాను.

"ఏటి బాబూ, ఎటెల్తన్నావు?"

"కోనాడ తాతా."

"కోనాడలో ఎవులున్నారు?"

"ఎవరూ లేరు."

"ఎవులూ నేకపోతే ఎందుకెల్తన్నావు?"

నేను డిగ్రీ చదివాను, ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, మీటింగుల్లో గంటలకి గంటలు ఏమీ లేని విషయం మీద మాట్లాడగలను. ఆ ప్రశ్నకి మాత్రం జవాబు దొరకలేదు. ఊరికే తాతా అన్నాను. ఆయన నన్ను కాళ్ళ నించి హెల్మెట్ దాకా చూసి, "బండి పాడైపోనాదా?" అన్నాడు ఎంతో జాలిగా. ఉంది, ఇంట్లో ఉంది అన్నాను. ఉండి కూడా సైకిలు తొక్కుతున్నాడంటే ఇది ఇంకా పెద్ద సమస్య అని ఆయన మొహంలో కనపడిపోయింది.

తర్వాతి కల్వర్టు దగ్గర ఇద్దరు. డాక్టరు చెప్పాడా అని ఒకాయన, అప్పులా అని ఇంకొకాయన. ఆ తర్వాత చేపలు ఆరబెడుతున్న ఒకావిడ, ఆవిడైతే నన్నేం అడగలేదు, నా బిగుతు నిక్కరు చూసి మొహం తిప్పేసుకుంది, ఆ తీర్పు మీద అప్పీల్ లేదు. ఇంకో చోట సైకిల్ ఎంత అని అడిగారు. డెబ్బై ఐదు వేలు. చెప్పలేక ఎనిమిది వేలు అన్నా. "మోసపోనావు బాబూ, కేరేజీ నేదు, స్టాండు నేదు, బెల్లు కూడా నేదు" అని అక్కడున్న నలుగురూ కలిసి నన్ను ఓదార్చారు, ఎనిమిదికే అంత ఓదార్పైతే నిజం చెప్పుంటే దినం చేసేసేవారు.

ముక్కాం ఇంకా రాలేదు, రోడ్డు సగం మీద ఉలవ కట్టలు పరిచున్నాయి. బళ్ళు తొక్కితే గింజలు రాలతాయని వేస్తారు. వచ్చే బండి నాదొక్కటే కదా, పక్కనించి పోబోతే, మీద నించి పోవయ్యా అని కేక. పోయాను. పావు అంగుళం తేడాతో రెండు సార్లు కింద పడబోయి, ఒక రైతు కుటుంబానికి నాకు తోచినంత నూర్పిడి చేసి పెట్టాను, ఆరేళ్ళ సైక్లింగులో నా వల్ల ఎవరికైనా జరిగిన ఉపయోగం అదొక్కటే. ఆ ముల్లేదో ఉలవల్లోనే ఉంది, వెనక టైరు తుస్సుమంది.

పంక్చర్ షాపు దొరికింది, కుర్రాడు మంచోడు, ట్యూబ్‌కి ప్యాచ్ నిమిషంలో వేశాడు. గాలి కొట్టాల్సొచ్చేసరికి నా ట్యూబ్‌కి ఉన్నది ప్రెస్టా వాల్వు, పుల్లలాగా సన్నగా ఉంటుంది, ఊరి పంపు దానికి పట్టదు. అడాప్టర్ అని రూపాయి కాసంత కూడా లేని ముక్క ఒకటుంటుంది, అది భద్రంగా ఇంట్లో ఉంది. షాపు చుట్టూ పదిహేను మంది చేరారు. మొత్తం ఇంటర్వ్యూ మళ్ళీ మొదట్నించీ, కోనాడలో ఎవులున్నారు దగ్గర్నించీ.

అందుకని అధికారులకి నా మనవి. బీచ్ కారిడార్ అని ఏళ్ళ తరబడి ప్లాన్లు వేస్తున్నారు కదా, దయచేసి తొందరగా వేసెయ్యండి, ఎన్ని లైన్లైనా వెయ్యండి. అటు భోగాపురం వైపు ఎయిర్‌పోర్టు పేరు చెప్పుకుని లేఅవుట్ వాళ్ళు జీడితోటల్లో రంగు రాళ్ళు పాతి, ఆర్చీలు కట్టి, జెండాలు కట్టి ఎంతో సేవ చేస్తున్నారు, ప్రశాంతతని గజాల్లెక్కన కోసి అమ్ముతున్నారు, వాళ్ళని ప్రోత్సహించండి. ఇవేవీ కుదరకపోతే కనీసం సైకిల్ జెర్సీ వెనకాల ఇలా ప్రింటు వేయించుకోడాన్ని తప్పనిసరి చెయ్యండి: కోనాడ వెళ్తున్నాను, అక్కడ నాకెవరూ లేరు, బండి ఉంది, బానే ఉంది, పెట్రోలూ ఉంది, డాక్టరు చెప్పలేదు, అప్పుల్లేవు, ఇద్దరు పిల్లలు, సైకిల్ రేటు అడగొద్దు.

తిరుగు దారి సంగతి కూడా చెప్పాలి. మన తీరం నైరుతి నించి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది, ఎండాకాలం గాలి కూడా అటు నించే. అంటే భీమిలి వైపు వెళ్తున్నంతసేపూ గాలి వెనకనించి తోస్తుంది, మనం ఆ వేగమంతా మన తొడల గొప్పతనం అనుకుంటాం, వెనక్కి తిరిగాక తెలుస్తుంది ఎవరి తొడలో. నా కేసులో టైర్లో గాలి లేదు, ఎదురుగాలి మాత్రం ఉంది.

చివరికి పంక్చర్ కుర్రాడే పట్నం పోయే ట్రాలీ ఆటో ఒకటి ఆపాడు. వెనకాల చేపల గంపలు, గంపల మీద నా డెబ్బై ఐదు వేల సైకిల్, సైకిల్ పక్కన నేను. స్పీకర్లు పగిలిపోయేలా పాటలు పెట్టాడు డ్రైవరు, భీమిలి దాటాక 900కె వెనకాలే పడి హారన్ మీద హారన్, కంపు, ఎండ, కుదుపులు. అంత హాయైన నిద్ర ఈమధ్య పట్టలేదు నాకు. జోడుగుళ్ళపాలెంలో లేపితే లేచా.

ఇంటికెళ్ళి చూసుకుంటే స్ట్రావా, అదే ఎంత దూరం ఎంత వేగంగా తొక్కామో లెక్కకట్టే ఫోన్ యాప్, ఆపడం మర్చిపోయా. ఎర్రమట్టి దిబ్బల నించి రుషికొండ దాకా సగటు వేగం గంటకి నలభై ఆరు కిలోమీటర్లు, అదీ ఎదురుగాలిలో, ఆ రూట్లో ఆల్ టైమ్ ఫస్ట్, కిరీటం బొమ్మ. సైకిల్ గ్రూపులో అరవై మంది దాకా కంగ్రాట్స్ పెట్టారు, ఏ టైర్లు వాడావన్నారు, ముందురోజు ఏం తిన్నావన్నారు. కోనాడలో ఎవరున్నారని ఒక్కడు కూడా అడగలేదు. అది ఇంకా డిలీట్ చెయ్యలేదు నేను.