ఓటీపీ అడిగితే అమ్మకైనా చెప్పొద్దు

టీటీడీ 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు పొద్దున తిరుపతిలో ఇళ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. మొన్నామధ్య కొర్లగుంటలో మా చెల్లెలి ఇంట్లో చూసింది చెబుతాను. ఏడో తరగతి చదివే మేనల్లుడు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ల్యాప్‌టాప్, పక్కన రెండు ఫోన్లు. హోసూరు నుంచి వాళ్ల పెదనాన్న స్పీకర్లో "వచ్చింది రా, కొట్టుకో, ఏడు, నాలుగు..." అని అరుస్తున్నాడు. వంటింట్లోంచి చెల్లెలు తన ఫోన్‌కు వచ్చిన ఇంకో ఓటీపీ చదువుతోంది. పది నిమిషాల్లో మూడు కుటుంబాల ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు వాడి లెక్కల నోటుబుక్కు చివరి పేజీకి ఎక్కాయి. అంతకు ముందు వారమే వాడి స్కూల్లో సైబర్ భద్రత మీద అవగాహన సదస్సు జరిగింది. "ఓటీపీ ఎవరికీ చెప్పను" అని చెయ్యి చాచి ప్రతిజ్ఞ కూడా చేసొచ్చాడు.

వాణ్ణి తప్పుపట్టను. పాస్‌వర్డుల మీద పాఠాలకు మన దగ్గర కొదవ లేదు. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక ఆశ్చర్యార్థకం కలపమంటారు. (ఈ పద్ధతిని 2003లో అమెరికా ప్రభుత్వ సంస్థ కోసం రాసిపెట్టిన బిల్ బర్, తాను చెప్పినవాటిలో చాలావాటికి చింతిస్తున్నానని 2017లో ఒప్పుకున్నాడు. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడవుగా పెట్టుకున్నదే గట్టి పాస్‌వర్డు. మన పోస్టర్లకు ఆ కబురు ఇంకా అందలేదు.) కానీ పిల్లల ఖాతాలు పోతున్నది తాళం పగిలి కాదండీ, అడగ్గానే తాళంచెవి చేతికిచ్చేసి.

వాట్సాప్ సంగతే చూడండి. ఎవడో తన ఫోన్లో మన పిల్ల నంబరు కొడతాడు. ఆరంకెల కోడ్ పిల్ల ఫోన్‌కు వస్తుంది. "పొరపాటున నీకొచ్చింది, కొంచెం చెప్పవా" అని మెసేజ్ వస్తుంది, అదీ అప్పటికే వాడు కాజేసిన క్లాస్‌మేట్ ఖాతా నుంచి. చెప్పిన మరుక్షణం ఖాతా వాడిది. సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ ముందే పెట్టుకుని ఉంటే ఆ కోడ్ ఒక్కటే వాడికి సరిపోదు. నిమిషం పని, మీ ఇంట్లో ఎన్ని ఫోన్లలో చేశారో చూసుకోండి. చలానా అనో పెళ్లి పత్రిక అనో పేరు పెట్టి పంపే ఏపీకే ఫైళ్లదీ (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైళ్లు) ఇదే దారి. ఇన్‌స్టాల్ చేసి ఎస్‌ఎంఎస్‌లు చదవడానికి అనుమతి ఇచ్చామంటే, ఆ తర్వాత ఓటీపీలు మనల్ని అడక్కుండానే వాడికి చేరిపోతాయి.

ఎందుకిచ్చేస్తారు? మనం అలా పెంచాం గనక. పదమూడేళ్ల పిల్ల ఫోన్‌కు లాక్ పెట్టుకుంటే "మా దగ్గర దాచేదేముందే నీకు?" అని నిలదీస్తాం. పిన్ చెప్పేదాకా వదలం. బడిలో సార్ అడిగితే ఎందుకని అడగకూడదు. చుట్టాలొచ్చి ఫోన్ ఇమ్మంటే ఇవ్వాలి, లేకపోతే పిల్లకు మర్యాద తెలియదంటారు. పెద్ద గొంతుతో ఎవరు ఏమడిగినా ఇచ్చేయాలని పదేళ్లకు పైగా ఇంత శ్రద్ధగా నేర్పించాక, ఒకడు ఫోన్ చేసి "స్కాలర్‌షిప్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా, కోడ్ చెప్పు, తొందరగా" అంటాడు. వాడికి కంప్యూటర్ విద్య అక్కర్లేదు. నాన్న గొంతు ఉంటే చాలు.

పోనీ ఈ విషయంలో పెద్దవాళ్లకు అంతా తెలుసా? 2017 మేలో, కంప్యూటర్లోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు మన పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, చిత్తూరు జిల్లా సహా. దాన్ని ఆపే విండోస్ అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే మార్చిలో వచ్చేసింది. "రిమైండ్ మీ లేటర్" నొక్కుతూ పోయిన చేతులన్నీ పెద్దవాళ్లవే.

పిల్లల ఫోన్లో ఏముందో చూడకుండా ఎలా ఉంటామని తల్లిదండ్రులు అంటారు. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్ల లోపు వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. కాదనను. ఎనిమిదేళ్ల పిల్లాడి పక్కన కూర్చోవాల్సిందే. పెద్ద పిల్లలకైతే ఒక ఉపాయం ఉంది. పాస్‌వర్డ్ కాగితం మీద రాయించి, కవర్‌లో పెట్టి, అంటించి, దాని మీద వాళ్ల చేతే సంతకం పెట్టించి బీరువాలో పడేయండి. అవసరం పడితే చించుకోవచ్చు, చించినట్టు వాళ్లకూ తెలుస్తుంది.

నాకు మాత్రం ఈ గొడవంతా మన చదువుల దగ్గరికే వచ్చి ఆగుతుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర సాయంత్రం బస్సు దిగే కోచింగ్ పిల్లల్ని చూడండి. బీజగణితంలో ఎక్స్ విలువ చిటికెలో చెప్పేస్తారు. "ఇది ఎందుకు సార్?" అని ఈ ఏడాదిలో ఎన్నిసార్లు అడిగావంటే మాత్రం నేల చూపులు చూస్తారు. పన్నెండేళ్ల చదువులో ఎదురు ప్రశ్న వేసినవాడికి మనం ఇచ్చిన బిరుదు తలబిరుసు. అలాంటి పిల్లాడికి సదస్సు పెట్టి, రెండు గంటల్లో హ్యాకర్‌ను ఎదిరించమంటే ఎక్కణ్ణుంచి తెస్తాడు? "చెప్పను" అనే మాట నోటికి రావాలంటే ముందు ఇంట్లో పలకాలి. పలికినప్పుడు చెంప మీద పడకూడదు. తప్పు జరిగాక కూడా అంతే. డబ్బు పోయిందని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే అవతలి ఖాతాలో ఆపే వీలుంటుంది. తిడతారని పిల్ల రెండు రోజులు దాచిందంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

అందుకే మేనల్లుడికి ప్రతిజ్ఞ మాన్పించి ప్రాక్టీసు పెట్టాను. నేను బ్యాంకు మేనేజర్‌నని ఒకసారి, వాళ్ల క్లాస్ టీచర్‌నని ఇంకోసారి వేరే నంబర్ నుంచి ఫోన్ చేశాను. మొదటిసారి మూడంకెలు చెప్పేశాడు. నాలుగోసారికి "మీరెవరో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు.

తర్వాతి నెల టికెట్ల రోజు హోసూరు ఫోన్ మళ్లీ మోగింది. "మీ ఫోన్లో మీరే లాగిన్ అవ్వండి పెదనాన్నా, ఎక్కడ నొక్కాలో నేను చెబుతా" అన్నాడట వీడు. ఆయన అద్దాలు వెతుక్కునేలోపు కోటా అయిపోయింది. పిల్లోడికి పొగరు నేర్పావని మా చెల్లెలు రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.